జనానా గేటు

లాలాగూడ, సికింద్రాబాద్
8 జూలై 1951

ప్రేమమణికి, నీ నజ్మున్నీసా సలాములు.

మన ఎలీసబెతు టీచరమ్మ మొన్న మారేడ్‌పల్లిలో కనబడి నీ సంగతి చెప్పింది. సినిమాలు విడుదల కాకముందే చూసి, ఏది పిల్లాపెద్దా అందరూ చూడవచ్చు, ఏది పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళే చూడాలి అని తేల్చే కమిటీలో నిన్ను వేశారట కదా! రోడ్డు మీదే చప్పట్లు కొట్టాను. టీచరమ్మ నవ్వింది. నల్లబల్ల మీద లెక్క తప్పుందని వెనక బెంచీలోంచి లేచి టీచరుకే చెప్పిన పిల్లవి నువ్వు. "కూర్చో" అని కసిరినా, లెక్క దిద్దేదాకా కూర్చోలేదు. బడి దర్జీ కూతురినని మిగతావాళ్ళు దూరం జరిగితే, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు రాయడం నేర్పినదానివీ నువ్వే. ఆ కుర్చీకి నీకంటే తగినవాళ్ళు ఎవరుంటారు?

మా సంగతులు రాయమని అడిగావట. పోలీసు చర్య తర్వాత మా ఆయనకు సర్కారు దఫ్తరులో నౌకరీ పోయింది. ఇంటి దగ్గరే పిల్లలకు ఉర్దూ చెబుతున్నారు. మా అన్న కూతురు మెహరాజ్ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. పదమూడేళ్ళు. మూడేళ్ళ కిందట బీదరు వైపు మా అన్న ఊళ్ళో ఏం జరిగిందో నీకు అప్పుడు రాయలేదు, ఇప్పుడూ రాయలేను. అన్నా వదినా లేరు, పిల్ల మిగిలింది. నవ్వుతుంది, పని చేస్తుంది, పాటలు పాడుతుంది. ఆ ఊరి పేరు మాత్రం ఎత్తదు. మేమూ అడగం.

నేను కూడా ఈమధ్య సినిమాలు బాగా చూస్తున్నాను. ఒక్కోటి ఇరవైసార్లు. నవ్వకు. మీరు చీకట్లో కూర్చుని ఎలా రాసుకుంటారో, ఏమేం వాదించుకుంటారో అన్నీ నాకు రాయి.

నీ నజ్మా


రాయపేట, మద్రాసు
2 ఆగస్టు 1951

ప్రియమైన నజ్మాకు,

నీ ఉత్తరం చదివి ఆ పూటంతా వంట మాడ్చుకున్నాను. మా వారు ఆ మాడిందే తిన్నారు.

మా కమిటీ సంగతి అడిగావు. చిన్న హాలు, అయిదుగురం. ఒక రిటైరయిన జడ్జిగారు, ఒక డాక్టరు, ఒక పత్రికాయన, సంగీతం తెలిసిన ఒక పెద్దామె, నేను. ఒళ్ళో కాగితం, చేతిలో టార్చి. బొమ్మ చూస్తూనే రాసుకోవాలి. లైట్లు వెలిగాక చూసుకుంటే నా రాత నాకే అర్థం కాలేదు.

కిందటి వారం వచ్చిన సినిమా పదిహేనేళ్ళకే పెళ్ళయి, కాన్పులో చావు దగ్గరికి వెళ్ళి వచ్చిన ఒక పిల్ల కథ. మంత్రసాని తప్ప ఇంట్లో ఎవరూ ఆ పిల్ల కేక వినిపించుకోరు. అందులో అత్తగారు కోడలిని 'ముండ' అంటుంది. ఆ ఒక్క మాట మీద గంటసేపు వాదించాం! "ఆ మాట మీ చెవిన ఎప్పుడూ పడలేదా?" అని జడ్జిగారిని అడిగాను. "పడింది. అందుకే వద్దంటున్నాను" అన్నారాయన. తర్వాత, మొగుడు పెళ్ళాం ఒళ్ళో తల పెట్టుకుంటే ఎన్ని క్షణాలు పెట్టుకోవచ్చో గడియారం పట్టుకుని లెక్కపెట్టారు. చివరికి కాన్పు కేక దగ్గర అందరూ ఒక్కటై, కోసెయ్యమన్నారు. నేను లేచి నిలబడ్డాను. "ఒక్క ముక్క కూడా కొయ్యకండి. పెద్దలకు మాత్రమే అని ఇవ్వండి, చాలు" అన్నాను. డాక్టరుగారు నా వైపు వచ్చారు, ఆ తర్వాత పెద్దామె. గెలిచాం. సాయంత్రం ఇంటికి నడిచే వచ్చాను, బస్సెక్కాలన్న ధ్యాసే లేదు.

ఆ మధ్యాహ్నమే ఫలహారం తిని ఇంకోటి చూశాం. రాజులు, గుర్రాలు, కత్తియుద్ధాలు. తిట్టు లేదు, కౌగిలింత లేదు. పది నిమిషాల్లో అందరూ చూడవచ్చని రాసేశాం. పిల్లలు ఎగిరి గంతులేస్తారు.

ఇంతకీ ఒక్కో సినిమా ఇరవైసార్లు ఎలా చూస్తున్నావే? మీ టాకీసు ఓనరు నీకు చుట్టమా?

నీ ప్రేమ


లాలాగూడ, సికింద్రాబాద్
16 సెప్టెంబర్ 1951

ప్రేమకు,

నీ దగ్గర ఒక సంగతి దాచాను. నేను సినిమాలు చూసేది కొలువులో భాగంగా. ఇక్కడ లాల్ సేఠ్ అనే ఆయన టాకీసులో ఆడవాళ్ళు వెళ్ళే జనానా గేటు దగ్గర నిలబడతాను. టికెట్టు చింపి, తెర పక్కకు తీసి, టార్చి వేసి బెంచీ చూపించడం నా పని. ఏడాది నుంచి చేస్తున్నాను. బస్తీలో చాలామంది చాలా అన్నారు. మా ఆయన మాత్రం, "నువ్వు తల దించుకునే పని చేస్తలేవు. పో, నిలబడు" అన్నారు. అయినా పెద్ద కమిటీలో కూర్చున్న స్నేహితురాలికి రాయడానికి నాకే సిగ్గేసింది.

దాచలేక ఇప్పుడు రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు గెలిపించిన సినిమా మా టాకీసుకు వచ్చింది. మొదటి రోజు మ్యాట్నీకి కాంతమణి అని ఒక పిల్ల వచ్చింది. మొగుడు రైల్వే వర్క్‌షాపులో పని చేస్తాడు. చంకలో పసిబిడ్డ. ముఖం చూస్తే నాకు అనుమానం వచ్చింది.

"ఎన్నేండ్లమ్మా నీకు?"

"పదహారు నిండినయి."

"ఇది పద్దెనిమిది నిండినోళ్ళకే బిడ్డా."

"నాకు పెండ్లయింది గదమ్మా. బిడ్డ సుత ఉన్నది. ఇంకెప్పుడు పెద్దదాన్నయిత?"

నేను తెర పట్టుకుని నిలబడ్డాను. వెనక ఆడవాళ్ళు తోసుకుంటున్నారు. ఆ పిల్ల గొంతు తగ్గించి, "కాన్పుల నేను సావు దాకా పోయొచ్చిన. గదే చూపిస్తున్నరట లోపట. నాకైంది నేను చూడొద్దా?" అంది.

లోపలికి పంపలేదు ప్రేమా. పోలీసువాళ్ళు వచ్చి చూస్తారన్న భయం ఒకటి. 'పెద్దలకు మాత్రమే' అన్న ఆ కాగితం వెనక నువ్వు కూడా ఉన్నావన్నది ఇంకొకటి. పిల్ల ఏడవలేదు. బిడ్డను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుని వెళ్ళిపోయింది.

లోపల మాత్రం ఆ కేక వినబడినప్పుడు జనానా వైపు ఒక్కరు కూడా కదలలేదు. ఒక ముసలామె తెర వైపు చేయి చాపి, "ఓర్చుకో తల్లీ" అంది. దాన్ని కొయ్యనివ్వనందుకు నీ చేతులు కళ్ళకద్దుకుంటాను. కాంతమణిని వెనక్కి పంపినందుకు నన్ను ఏం చెయ్యమంటావో నువ్వే రాయి.

నజ్మా


రాయపేట, మద్రాసు
1 అక్టోబర్ 1951

నా నజ్మాకు,

సిగ్గా? ఎందుకే? నేను ఫ్యాను కింద కూర్చుని కాగితం మీద రాసేస్తాను. ఆ రాతను మనిషి ముఖంలోకి చూసి చెప్పే పని నీది. నాకు అంత ధైర్యం ఉందో లేదో తెలియదు. మా వారికి నీ ఉత్తరం చదివి వినిపించాను. "మీ కమిటీలో ఈమెను వెయ్యాల్సింది" అన్నారు.

కాంతమణి అడిగిన ప్రశ్న కమిటీలో చదివాను. జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పెళ్ళి చట్టం వేరు, సినిమా చట్టం వేరు" అన్నారు. మళ్ళీ పెట్టుకుంటూ, "రెండూ రాసింది మాత్రం పెద్దవాళ్ళే" అన్నారు. ఆ రోజు ఇంక వాదన సాగలేదు. నువ్వు చేసింది తప్పు కాదు నజ్మా. అలా చెయ్యక తప్పని చోట నిన్ను నిలబెట్టింది మేం.

మనసు బాగుచేసుకో. నేను చెప్పిన రాజుల సినిమా మీ ఊరికి దీపావళికి వస్తుందట. మెహరాజ్‌ను నీ పక్కనే బెంచీ మీద కూర్చోబెట్టుకుని చూపించు. పాటలంటే ఇష్టమన్నావు కదా, మంచి పాటలున్నాయి. పిల్లకు కాస్త సంతోషంగా ఉంటుంది. నా మాట మీద చూపించు.

నీ ప్రేమ


లాలాగూడ, సికింద్రాబాద్
11 నవంబర్ 1951

ప్రేమకు,

కిందటి ఆదివారం మ్యాట్నీకి మెహరాజ్‌ను తీసుకెళ్ళాను. కొత్త ఓణీ వేసుకుంది. గేటు పక్క బెంచీ మీద కూర్చోబెట్టాను. మొదటి పాటకు కాలితో తాళం వేసింది. గుర్రాలు పరుగెత్తితే నా చెయ్యి గట్టిగా పట్టుకుని నవ్వింది.

ఇంటర్వెల్ అయ్యాక శత్రువుల దండు నది దాటి ఒక పల్లె మీద పడుతుంది. ఇళ్ళు అంటిస్తారు. నేను ఆలస్యంగా వచ్చినవాళ్ళకు టార్చి చూపిస్తున్నాను. తిరిగి చూస్తే బెంచీ ఖాళీ. మెహరాజ్ బెంచీ కిందికి దూరి, తల మోకాళ్ళలో పెట్టుకుని అరుస్తోంది. "కమలవ్వా, మూత పెట్టు! మూత పెట్టు!"

తెర మీద మంటలు ఆగలేదు. ఒక చంటిపిల్ల కేకలు కూడా. పిల్లను బయటికి లాగబోతే నా చేయి కొరికింది. నేను మెట్లెక్కి ఆపరేటర్ గదికి పరుగెత్తి తలుపు బాదాను. "బంద్ చెయ్! బత్తీలు వెయ్!" ఆయన నా ముఖం చూసి వెంటనే ఆపేశాడు. మగవాళ్ళ వైపు నుంచి ఈలలు, తిట్లు. లైట్లు వెలిగేసరికి జనానా వైపు ఇంకో ఇద్దరు పిల్లలు తల్లుల కొంగుల్లో ముఖం దాచుకుని వణుకుతున్నారు. ఒక్క మెహరాజే కాదు. బీదరు నుంచీ, నల్లగొండ నుంచీ ఇళ్ళు పోయి వచ్చినవాళ్ళు ఈ బస్తీలో ఎంతమంది ఉన్నారో!

లాల్ సేఠ్ వచ్చాడు. "అందరు చూడొచ్చని గవర్నమెంటే రాసిచ్చింది. ఆపెతందుకు నువ్వెవరమ్మా?" అన్నాడు.

"గేటుదాన్ని సేఠ్‌జీ. ఈళ్ళందరిని లోపటికి పంపింది నేనే" అన్నాను.

నౌకరీ సంగతి రేపు చెబుతానన్నాడు. మర్నాడు నేను మామూలుగానే వెళ్ళి నిలబడ్డాను. టికెట్టు చింపుతూ పిల్లలున్న ప్రతి తల్లికీ చెప్పాను. "ఇంటర్వెల్ అయినంక ఇండ్లు కాలవెట్టేది ఉన్నదమ్మా. పిల్లలు బయపడితే నా దగ్గరికి పంపుండ్రి. అయిదు నిమిషాలు వరండాల ఆడిపిచ్చి మళ్ళ తోలుకొస్త." సేఠ్ స్తంభం పక్కన నిలబడి చూస్తున్నాడు. టికెట్టు వాపసు ఇచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. పదకొండు మంది పిల్లలు వరండాలోకి వచ్చారు. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. ఇంకా నౌకరీలోనే ఉన్నాను.

ఆ ఆదివారం సాయంత్రం ఇంటి మెట్ల మీద కూర్చుని మెహరాజ్ మూడేళ్ళలో మొదటిసారి ఆ ఊరి సంగతి చెప్పింది. గుంపు వచ్చినప్పుడు పక్కింటి కమలాబాయి అనే ముసలామె తనను ఎత్తుకెళ్ళి జొన్నలు పోసే వెదురు గుమ్మిలో దించి మూత పెట్టిందట. రెండు రోజులు. మూత సందులోంచీ, గోడ తడికల్లోంచీ తన ఇల్లు కాలడం చూసిందట. నేను వింటూ కూర్చున్నాను. మా ఆయన లోపలికి వెళ్ళి నమాజు చాప మీద చాలాసేపు ఉండిపోయారు.

నీ మీద కోపం తెచ్చుకుని రాయడం లేదు. జరిగింది జరిగినట్టు నీకు చెప్పాలనిపించింది.

నజ్మా


రాయపేట, మద్రాసు
6 జనవరి 1952

నజ్మా,

రెండు నెలలు జవాబు రాయలేదు. నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. క్రిస్మస్ రోజున చర్చిలో కూర్చున్నా నా చెవిలో "మూత పెట్టు" అనే మాటే.

ఆ సినిమాకు 'అందరికీ' అని మొదట అన్నది నేను. పత్రికాయన "చూద్దాం, ఆలోచిద్దాం" అంటే, "ఇందులో ఆలోచించడానికేముందండీ, పిల్లల సినిమా" అన్నాను. మిగతావాళ్ళు నా మాట మీద రాశారు. ఉత్తరంలో మాత్రం 'రాసేశాం' అని బహువచనంలో దాక్కున్నాను. పైగా నా మాట మీద చూపించమని నీకు రాశాను.

నీ ఉత్తరం కమిటీలో మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. జడ్జిగారే ఆ రీలు మళ్ళీ తెప్పించమన్నారు. అయిదుగురం మళ్ళీ చూశాం. ఆ మంటల్లో అరిచే చంటిపిల్ల మొదటిసారి నాకు కనబడనేలేదు నజ్మా. ఆ సమయానికి నేను టార్చి వెలుగులో కాగితం మీద తేదీ వేసుకుంటున్నాను. ఒక తిట్టు మాటకు గంట, ఒళ్ళో పెట్టుకున్న తలకు గడియారం. పల్లె మొత్తం తగలబడితే, తేదీ.

ఒకసారి ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకోవడం మా చేతుల్లో లేదట. పైవాళ్ళకు రాశాం. జవాబు రాలేదు. సినిమా తీసినాయనకు నేనే స్వయంగా వెళ్ళి నీ ఉత్తరం చూపించాను. ఆయన పెద్దమనిషి. చదివి, లోపలికి వెళ్ళి మనవరాలిని తెచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. ఇక మీదట పంపే కాపీల్లో ఆ చంటిపిల్ల కనబడే ముక్కలు తీయించేస్తానన్నాడు. చేస్తాడనే నమ్మకం.

నేను ఆ కుర్చీలో కూర్చోవడానికి తగను. రాజీనామా రాసి పెట్టాను. పంపే ముందు నీకు చెప్పాలనిపించింది. మెహరాజ్‌కు నా క్షమాపణ ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ప్రేమమణి


లాలాగూడ, సికింద్రాబాద్
24 ఫిబ్రవరి 1952

నా ప్రేమకు,

ముందు ఆ రాజీనామా చించెయ్. ఇంతకుముందు నాలుగు చించావు కదా, ఇది అయిదోది.

ఆ సినిమా మీ కమిటీ చూసిందేనని నాకు ముందే తెలుసు. ఫలహారం తిని పది నిమిషాల్లో రాసేశామని నువ్వే ఆగస్టులో రాశావు. 'అందరికీ' అని మొదట అన్నదెవరని మాత్రం నిన్ను అడగలేదు. అడిగితే నీ అంతట నువ్వు చెప్పే అవకాశం పోతుంది. నువ్వు చెబుతావని నాకు తెలుసు. రెండు నెలలు పడుతుందని మాత్రం అనుకోలేదు. ఆ రెండు నెలలూ తపాలా వచ్చే వేళకు వీధిలోకి వచ్చి నిలబడేదాన్ని.

తన తప్పును తనే పట్టుకుని, అయిదుగురి ముందు నిలబడి చదివినవాళ్ళు నాకు తెలిసి ఇంకెవరూ లేరు. నువ్వు లేచిపోతే ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటారు. వాళ్ళకు మెహరాజ్ తెలియదు. నీకు తెలుసు. కూర్చో.

ఇక్కడ ఒక వింత. మా సేఠ్ ఇప్పుడు ప్రతి కొత్త సినిమా మొదటి ఆటకు నన్ను లోపల కూర్చోబెడుతున్నాడు. ఆడవాళ్ళు టికెట్టు కొనే ముందే నా దగ్గరికి వచ్చి, "ఇందుల పిల్లలకు తక్లీఫ్ అయ్యేది ఏమన్న ఉన్నదా నజ్మాబీ?" అని అడుగుతున్నారు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మల్కాజ్‌గిరి నుంచి కూడా వస్తున్నారు.

అసలు సంగతికి వస్తాను. నెల కిందట మెహరాజ్ తనే అడిగింది, కమలవ్వను చూడాలని. వికారాబాదులో బండి మారి వెళ్ళాం, మా ఆయన, నేను, పిల్ల. ఊరి మొదట్లో పిల్ల కాళ్ళు ఆగిపోయాయి. మా ఆయన కూడా ఆగి, "తొందర ఏం లేదు బిడ్డా" అన్నారు. వేపచెట్టు నీడలో అలాగే చాలాసేపు నిలబడ్డాం. తర్వాత పిల్లే ముందు నడిచింది.

కమలాబాయి బతికే ఉంది. వాకిట్లో చేటతో జొన్నలు చెరుగుతోంది. చూపు తగ్గింది. పిల్ల ముఖం రెండు చేతులతో తడిమి, "ఎంత పొడుగయినవే, ఇప్పుడు గుమ్మిల పట్టవు" అంది. అందరం ఏడ్చాం, ఆమె తప్ప. మా అన్ననూ వదిననూ గుంపు వెళ్ళిపోయాక ఆమే, ఇంకో ఇద్దరు ముసలివాళ్ళూ కలిసి పొలం గట్టున పాతిపెట్టారట. "మీ నమాజు నాకు రాదు. అల్లా, వీళ్ళు మంచోళ్ళు అని మాత్రం చెప్పిన" అంది. అక్కడ పోయినవాళ్ళ కోసం ఫాతిహా చదివాం.

మాకు తెలియని సంగతి ఒకటి మా ఆయన అడిగితే బయటపడింది. ఆ గుంపు రావడానికి నాలుగు నెలల ముందే రజాకార్లు ఆ ఊరి మీద పడి కమలాబాయి ఇల్లు తగలబెట్టారట. ఆమె కొడుకు అందులోనే పోయాడు. ఆమె గుమ్మి ఉన్నది, మళ్ళీ నాలుగు తడికలు పెట్టి కట్టుకున్న గుడిసెలో. అలాంటి గుడిసెలో మా పిల్లను దాచి, గుంపు వచ్చి అడిగితే తలుపుకు అడ్డం కూర్చుందట. "ఎందుకు చేసినవు అవ్వా?" అన్నారు మా ఆయన. ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. "పోరి కదా" అంది. అంతే.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, సికింద్రాబాదులో ఏం చేస్తున్నావని ఆమె మెహరాజ్‌ను అడిగింది. మా అత్త సినిమా గేటు దగ్గర ఉంటుందని చెప్పింది పిల్ల. కమలాబాయి జన్మలో సినిమా చూడలేదు.

"అంటే ఏందే? బొమ్మలాటనా?"

"బొమ్మలాట లెక్కనే అవ్వా. చెప్తా విను" అని మెహరాజ్ ఆ రాజుల సినిమానే అందుకుంది. ఆపాలని లేచాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. పిల్ల రాజకుమారుడి పుట్టుక చెప్పింది, గుర్రాలు చెప్పింది, పాట పాడి వినిపించింది. కమలాబాయి చేట పక్కన పెట్టి నోరు తెరుచుకుని వింటోంది. చివరికి కథ అక్కడికే వచ్చింది.

"అప్పుడు దుష్మన్ దండు నది దాటి, గా పల్లె మీదికి వచ్చింది అవ్వా" అని మెహరాజ్ ఆగింది.

కమలాబాయి చేతులు ఒళ్ళో బిగుసుకున్నాయి. "వచ్చి?" అంది.

పిల్ల ఆమె చేతుల వైపు చూసింది, ముఖంలోకి చూసింది.

"వచ్చి... తొవ్వ తప్పిండ్రు అవ్వా. ఎటు పోవాల్నో తెల్వక ఎనక్కి మర్లి పోయిండ్రు."

కమలాబాయి వేళ్ళు మెల్లగా వదులయ్యాయి. తర్వాత, "మంచిగైంది" అని, చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

నీ నజ్మున్నీసా